కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క కూడా లేదు. ఇంజన్ హెడ్ దించాలా?

నల్లమల_రూటు:
అందరికీ నమస్తే. నాది 2015 మోడల్ డీజిల్ బండి, 7 సీట్లది, కామన్ రైల్, టర్బో, లక్షా 68 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంట్లో వాడకం తక్కువ, మార్కాపురం నుంచి శ్రీశైలానికి కిరాయిలే ఎక్కువ. రెండు నెలలుగా కూలెంట్ తగ్గుతోంది, నాలుగు ట్రిప్పులకు లీటరు దాకా పోయాల్సి వస్తోంది, ఎక్కడ పోతుందో మాత్రం దొరకడం లేదు. రాత్రి ఇంజన్ కింద అట్టపెట్టె చింపి పరిచి పడుకున్నా, పొద్దున చూస్తే ఏసీ నీళ్ల మరక ఒకటి ఉంది అంతే, దానికి రంగూ లేదు వాసనా లేదు. హీట్ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది, పోయిన వారం మాత్రం దోర్నాల దాటాక ఘాట్‌లో ఏడుగురు ఎక్కి ఏసీ ఆన్‌లో ఉంటే ముప్పావుకి ఎక్కింది. ఏసీ ఆపి పక్కకు తీసి కాసేపు ఐడ్లింగ్‌లో ఉంచితే దిగింది.

మా ఊళ్లో మెకానిక్‌కి చూపించా. మూత తీసి స్టార్ట్ చేసి కొంచెం రేసు ఇస్తే డబ్బాలో బుడగలు వచ్చాయి. తర్వాత ఎక్కడినుంచో నీలం ద్రవం ఉండే గాజు గొట్టం ఒకటి తెచ్చి మూత దగ్గర పెట్టి గాలి లాగితే దాని రంగు మారింది. ఇంకేముంది, హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్ దించాలి, ఫేసింగ్, గ్యాస్కెట్, బోల్టులు, లేబరు అన్నీ కలిపి 45 వేలు అవుతుంది, హెడ్‌లో పగులుంటే అది వేరే అన్నాడు. శివరాత్రి సీజన్ ముందర అంత డబ్బు, వారం రోజులు బండి లేకుండా అంటే టెన్షన్‌గా ఉంది. దించేయమంటారా?

గోదారి_గట్టు:
బ్రో, రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వెయ్యి. మా నాన్న ట్యాక్సీకి అదే వేసి ఏడాది తోలాడు. 20 రూపాయల్లో పనైపోతుంది.

ఆటోనగర్_బాబాయ్:
పసుపు సంగతి ముందు తేల్చేస్తా. పూర్వం ఇత్తడి రేడియేటర్లు ఉన్న రోజుల్లో, అడవి మధ్యలో రేడియేటర్‌కి సన్న కన్నం పడితే, ఊరు చేరడానికి పసుపు వేసేవాళ్లు, కాదనను, నేనూ వేశాను. కానీ ఇప్పటి బండ్లలో హీటర్ కోర్ గొట్టాలు, ఆయిల్ కూలర్ దారులు సన్నగా ఉంటాయి. కన్నం మూసేది ఏదైనా సరే, పసుపైనా, సీసాలో అమ్మే లీక్ మందైనా, కన్నం ఎక్కడుందో దానికి తెలియదు, సన్నగా ఉన్న ప్రతి చోటా కూర్చుంటుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. లీక్ ఎక్కడో తెలియకుండా అసలు వెయ్యకూడదు.

ఇక నీ సంగతి అబ్బాయ్. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ల పైగా డీజిల్ పనే చేశాను, ఇప్పుడు కళ్లు సహకరించక పిల్లలకి చెప్పి చేయిస్తున్నాను. నీ మెకానిక్ చేసిన పరీక్ష తప్పు కాదు, దానికి చెప్పిన అర్థమే సగం. ఆ నీలం ద్రవం చెప్పేది ఒక్కటే, కూలెంట్‌లోకి కాలిన గ్యాసు వస్తోంది అని. ఏ దారిన వస్తోందో అది చెప్పదు. పెట్రోల్ బండైతే మామూలుగా హెడ్ గ్యాస్కెట్టో, హెడ్ పగులో. నీలాంటి డీజిల్‌కి మాత్రం ఇంకో దారి ఉంది, ఈజీఆర్ కూలర్. సైలెన్సర్‌కి పోవాల్సిన పొగలో కొంత వెనక్కి తిప్పి ఇంజన్‌కి పంపుతారు కదా, ఆ పొగ మంటలా ఉంటుంది కాబట్టి దాన్ని చల్లార్చడానికి పెట్టిన చిన్న రేడియేటర్ అది. లోపల గొట్టాల్లో పొగ, బయట చుట్టూ నీ కూలెంట్. మధ్యలో పలచని స్టీలు రేకే. ఏళ్ల తరబడి వేడెక్కీ చల్లారీ ఆ రేకు ఎక్కడో అతుకు దగ్గర వెంట్రుకంత చీలుతుంది. టర్బో బండికి లోడు మీద ఆ పొగ ప్రెషర్ కూలెంట్ ప్రెషర్‌ని మించిపోగలదు, అప్పుడు పొగ కూలెంట్‌లోకి దూరి బుడగలు. ఇంజన్ ఆపగానే పొగ ప్రెషర్ పోతుంది, కూలెంట్‌లో ప్రెషర్ మాత్రం చల్లారే దాకా ఉంటుంది కాబట్టి ఈసారి కూలెంట్ పొగ గొట్టంలోకి. కింద చుక్క ఎందుకు పడుతుంది, అది సైలెన్సర్ లోంచి ఆవిరై పోతుంటే!

హెడ్ గ్యాస్కెట్ కాదని నేననడం లేదు, కావచ్చు. దించే ముందు ఇవి చూసి చెప్పు.

ఒకటి, ఘాట్ ఎక్కి శ్రీశైలంలో గంట ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు తెల్ల పొగ వస్తుందా, అందులో బెల్లం పాకం లాంటి తీపి వాసన ఉందా. రెండు, పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై గొట్టం పిసికి చూడు, ఒకటి రెండు నిమిషాల్లోనే రాయిలా బిగుసుకుంటే హెడ్ మీద అనుమానం పెరుగుతుంది, ఎందుకంటే సిలిండర్‌లో ప్రెషర్ మామూలుది కాదు, నీళ్లు వేడెక్కక ముందే గొట్టం ఉబ్బుతుంది. కూలర్ అయితే సాధారణంగా అంత తొందరగా బిగుసుకోదు. మూడు, ఆయిల్ రంగు, డిప్‌స్టిక్ మీదా ఆయిల్ పోసే మూత కిందా పాలు కలిపిన టీ లాగా ఉందా. నాలుగు, కూలెంట్ డబ్బాలో పైన నూనె తెట్టు ఉందా, ఉంటే ఆయిల్ కూలర్ కథ వేరే. ఐదు, మూత మీద ఏం రాసుందో చదివి చెప్పు, 0.9 అనో 1.1 అనో ఉంటుంది, మూత ఎంత ప్రెషర్ దాకా పట్టి ఉంచుతుందో ఆ అంకె.

వేడి మీద మాత్రం మూత తియ్యకు. లోపల ప్రెషర్ ఉన్నంతసేపు నీళ్లు 100 దాటినా మరగవు, మూత తిప్పిన క్షణంలో అంతా ఒక్కసారి మరిగి మొహం మీదకి లేస్తుంది. మా షెడ్లో ఒక కుర్రాడి చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కడం నేను చూశాను.

నల్లమల_రూటు:
బాబాయ్, చాలా థాంక్స్. నిన్న ఒక ట్రిప్పు వెళ్లొచ్చాను, మీరు చెప్పినవన్నీ చూశా. శ్రీశైలంలో దర్శనం అయ్యేసరికి రెండు గంటలు పట్టింది, స్టార్ట్ చేయగానే తెల్ల పొగ వచ్చింది, అర నిమిషంలో పోయింది. వాసన కోసం వెనక నిలబడితే పక్క బండి డ్రైవరు నన్ను అదోలా చూశాడు, కానీ తీపి వాసన మాత్రం నిజం. పొద్దున గొట్టం పిసికితే ఐదు నిమిషాల దాకా మెత్తగానే ఉంది. ఆయిల్ నల్లగా మామూలుగా ఉంది, తెట్టు ఏమీ లేదు. మూత మీద 1.1 బార్ అని ఉంది. ఇంకోటి, నేను తగ్గినప్పుడల్లా బోరు నీళ్లే పోస్తున్నా, అది కూడా చెప్పాలి కదా.

కోదాడ_లారీ:
బోరు నీళ్లు పోస్తున్నావా! మార్కాపురం వైపు బోరు నీళ్లు ఇంట్లో గిన్నెలకే తెల్లగా పట్టేస్తాయి, రేడియేటర్‌ని వదులుతాయా? మా పాత లారీ ఒకటి అలాగే పోయింది. డ్రైవర్లు ఎక్కడ ఆగితే అక్కడి కుళాయి పట్టేవాళ్లు. పెద్ద డీజిల్ ఇంజన్లలో లైనర్ (పిస్టన్ ఆడే ఇనుప గొట్టం) చుట్టూ నేరుగా నీళ్లే ఉంటాయి, ఇంజన్ కొట్టుకునే అదురుకి లైనర్ ఒంటి మీద సన్న బుడగలు పుట్టి పేలుతూ ఉంటాయి, కూలెంట్‌లో మందు సరిగా ఉంటే అది లైనర్ మీద పొరలా కాపాడుతుంది, ఉత్త నీళ్లయితే ఆ బుడగలే ఇనుమును కొరికేస్తాయి. లైనర్ బయటికి తీస్తే ఒక పక్క సూదితో పొడిచినట్టు చుక్కలు చుక్కలు, అందులో ఒకటి అవతలికి దిగింది. నీ బండిది అలాంటి లైనర్ కాకపోవచ్చు, అయినా బోరు నీళ్లు ఆపెయ్యి.

హెడ్ దించే విషయంలో ఇంకో మాట. నేను తొందరపడి దించాను ఒకసారి, వేరే బండికి. గ్యాస్కెట్ చూస్తే కొత్తదానిలా ఉంది, తప్పంతా ఆయిల్ కూలర్‌ది. దించినందుకు 30 వేలకు పైగా బొక్క.

గోదారి_గట్టు:
సరే పసుపు వాపస్ తీసుకుంటున్నా. అయితే ఈజీఆర్‌కి రేకు కొట్టి మూసేస్తే పోతుంది కదా, కూలర్ మార్చడమెందుకు? చాలామంది అదే చేస్తున్నారు.

ఆటోనగర్_బాబాయ్:
రేకు కొడితే పొగ రావడం ఆగుతుంది, కూలర్‌లో చీలిక అలాగే ఉంటుంది, కూలెంట్ అందులోకి దిగుతూనే ఉంటుంది కదయ్యా. పైగా రేకు ఏ వైపు కొట్టావన్న దాన్నిబట్టి అది మానిఫోల్డ్‌లోకి, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టంలోకి పోవచ్చు. పెద్దగా చీలిన కూలర్‌తో బండి రాత్రంతా ఆగితే ఒక గ్లాసుడు నీళ్లు గాలి గొట్టం మీదుగా సిలిండర్‌లో చేరి, పొద్దున సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ నీళ్ల మీద గుద్దుకుని కనెక్టింగ్ రాడ్ వంగిన ఇంజన్లు ఉన్నాయి. నీళ్లు గాలిలాగా నలగవు. ఇంకోటి, పొల్యూషన్ సామాను పీకడం చట్టానికి ఒప్పదు, ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ కూడా ఊరుకోదు, లైటు వేసి పికప్ తగ్గించే బండ్లు ఉన్నాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో అయితే అసలు ఆ ఆలోచనే వద్దు.

అబ్బాయ్, నువ్వు చెప్పినదాన్నిబట్టి నాకు నూటికి ఎనభై కూలర్ మీదే ఉంది. ఖాయం చేసుకోవడానికి ఇంకో రెండు పనులు. ప్రెషర్ పరీక్ష చేసే చేతి పంపు ఉంటుంది, మీటర్‌తో, మూత తీసి దాని స్థానంలో బిగించేది. మీ ఊళ్లో లేకపోతే ఒంగోలులో కాస్త పెద్ద షెడ్డు ఏదైనా ఉంచుతుంది. చల్లటి ఇంజన్ మీద 1.1 దాకా కొట్టు, అంతకు మించి ఒక్క గీత కూడా వద్దు, ఎక్కువ కొడితే బాగున్న రేడియేటర్ ప్లాస్టిక్ డబ్బా అతుకు ఊడుతుంది. ఇరవై నిమిషాలు వదిలెయ్యి. ఈలోగా టార్చి పట్టుకుని బయట చోట్లన్నీ చూడు, వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది, సీల్ పోతే అక్కడినుంచే కారాలని కావాలనే పెట్టారు దాన్ని, అక్కడ రంగు పొర ఎండి ఉందా, థర్మోస్టాట్ డబ్బా అతుకు, గొట్టాల క్లిప్పులు, బ్లాక్ పక్కన కోర్ ప్లగ్గులు (రంధ్రాలు మూసే రేకు బిళ్లలు), డాష్ కింద ఎడమవైపు కార్పెట్ తడి. వేడి మీద కారే సన్న లీకు నేల మీద పడకముందే ఆవిరైపోతుంది, తెల్లగానో పచ్చగానో ఎండిన మరక ఒక్కటే మిగులుతుంది, నువ్వు చుక్క కోసం కాదు ఆ మరక కోసం వెతకాలి.

పంపు మీటర్ ముల్లు దిగి బయట తడి లేకపోతే, ప్రెషర్ అలాగే ఉంచి ఈజీఆర్ కూలర్ నుంచి గాలి వైపు పోయే పైపు విప్పి సెల్‌ఫోన్ లైటు వేసి లోపల చూడు. మామూలుగా అక్కడ పొడి మసి దట్టంగా ఉండాలి. కూలెంట్ దిగుతుంటే మసి తడిసి తారులా ఉంటుంది, లేదా కడిగినట్టు మెరుస్తుంది.

అక్కడా ఏమీ లేకపోతే అప్పుడు గ్లో ప్లగ్గులు (స్టార్ట్ చేసేటప్పుడు సిలిండర్‌ని వేడెక్కించేవి) తీసి, ప్రెషర్ రాత్రంతా ఉంచి, పొద్దున సెల్ఫ్ కొట్టించు, ఏ రంధ్రంలోంచి నీళ్లు చిమ్మితే ఆ సిలిండర్. ఆ రంధ్రాల ముందు మొహం పెట్టొద్దు. అప్పుడు హెడ్ దించు, నేను అడ్డు చెప్పను.

నల్లమల_రూటు:
ఆలస్యమైంది, సారీ. కిరాయిలు వదులుకోలేక ఐదు రోజులు పట్టింది, రోజూ లెవల్ చూసుకుంటూ తోలాను.

ఒంగోలు తీసుకెళ్లి చేయించాను. 1.1 కొట్టి వదిలితే ఇరవై నిమిషాల్లో 0.8కి దిగింది. బయట ఎక్కడా తడి లేదు, వాటర్ పంపు రంధ్రం పొడిగా ఉంది. పైపు విప్పాం. మీరు చెప్పినట్టే, పైన సగం పొడి మసి, కింద సగం తారు ముద్ద, దాని మధ్యలో సన్న దారిలాగా మెరుస్తున్న స్టీలు, మేము చూస్తుండగానే ఆ దారి చివర ఒక చుక్క ఊరి ఆగింది, కాసేపటికి ఇంకోటి దాన్ని తోసింది. పచ్చగా నా కూలెంటే. రెండు నెలలు ఎక్కడికి పోతుందో అని చచ్చాను, ఆ చుక్క చూస్తే పట్టరాని సంతోషం వేసింది, నవ్వొద్దు.

కూలర్ దించాక అక్కడి మేస్త్రీ ఒక పక్క నీళ్ల దారి రబ్బరుతో మూసి ఇంకో పక్క గాలి పెట్టి తొట్టిలో ముంచాడు. ఏమీ రాలేదు! ఒక్క బుడగ కూడా రాలేదు. నాకు గుండె జారింది. ఆయన ఏం మాట్లాడకుండా పొయ్యి మీద నీళ్లు కాగబెట్టించి ఆ వేడి నీళ్లలో మళ్లీ ముంచాడు, ఒక్క నిమిషం ఆగాక పొగ లోపలికి వచ్చే వైపు అంచు దగ్గర దారం కట్టినట్టు వరసగా బుడగలు. వేడికి నోరు ఇంకా తెరుస్తోందట అది. కూలర్ కొత్తది, దాని రెండు గ్యాస్కెట్లు, కూలెంట్, లేబరు కలిపి 16 వేల చిల్లర అయింది. హెడ్ ముట్టుకోలేదు.

కోదాడ_లారీ:
శుభం. పాత కూలర్ వెల్డింగ్ చేయిస్తానని ఎవడైనా అంటే వినకు, ఒక అతుకు వేస్తే పక్కది తెరుచుకుంటుంది.

ఆటోనగర్_బాబాయ్:
విప్పిన కూలర్ చల్లగా ఉంటే ఒక్కోసారి లీకు దొరకదని నేను ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను, ఆ మేస్త్రీకి నా తరఫున నమస్కారం చెప్పు. మసి పట్టిన ఈజీఆర్ వాల్వ్ కూడా శుభ్రం చేయించావా? తారు ముద్ద అక్కడా ఉంటుంది, వాల్వ్ సగంలో ఇరుక్కుంటే కొత్త తలనొప్పి.

కూలెంట్ నింపేటప్పుడు బోరు నీళ్లు పూర్తిగా పోయేలా రెండు మూడు సార్లు కడిగించు. తర్వాత బండి మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంట్, సగానికి సగం డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీ షాపులో దొరుకుతుంది. ఇరవై లీటర్ల క్యాన్‌లో వచ్చే తాగే నీళ్లు డిస్టిల్డ్ వాటర్ కాదు. రంగు చూసి కలపొద్దు, పచ్చదంతా ఒకటే కాదు, ఎర్రదంతా ఒకటే కాదు, కొన్ని రకాలు కలిస్తే జిగురులా గడ్డకడతాయి.

గాలి తియ్యడం అన్నిటికన్నా ముఖ్యం. ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండేలా నిలుపు, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టు, గాలి వదిలే స్క్రూ ఉంటే వదులు చెయ్యి, సన్నగా పొయ్యి, ఐడ్లింగ్‌లో థర్మోస్టాట్ తెరుచుకుని కింది గొట్టం వేడెక్కే దాకా ఆగు. లోపల గాలి మిగిలితే సెన్సర్ నీళ్లలో కాకుండా గాలిలో ఉంటుంది, ముల్లు చల్లగా ఉన్నానంటుంది, ఇంజన్ మాత్రం ఉడికిపోతుంది. నీకు ముల్లు మధ్యలో ఉన్నప్పుడు కూడా నాకు భయం అందుకే.

నల్లమల_రూటు:
వాల్వ్ కడిగించా బాబాయ్, అరగంట పట్టింది వాడికి. గాలి కూడా తీశారు. డబ్బా మీద మార్కర్‌తో గీత గీసుకున్నా, మూడు ట్రిప్పులు వెళ్లొచ్చా, గీత దగ్గరే ఉంది. తెల్ల పొగ లేదు. మా ఊరి మెకానిక్‌కి పాత కూలర్ చూపించా, అటూ ఇటూ తిప్పి చూసి, దీన్ని నా దగ్గర ఉంచుతావా, మా పిల్లలకి చూపిస్తాను అన్నాడు. ఇచ్చేశా.

ఒక్క డౌటు. కడిగినప్పుడు తీసిన పాత కూలెంట్ నీళ్లు ఐదారు లీటర్లు బకెట్లో మా షెడ్ పక్కనే ఉన్నాయి. ఏం చేయాలి?

ఆటోనగర్_బాబాయ్:
ముందు దాని మీద మూత పెట్టు, ఇప్పుడే. తియ్యగా ఉంటుందని కుక్కలు తాగుతాయి, కిడ్నీలు పోయి చస్తాయి, పిల్లలకీ అంతే ప్రమాదం. కాలవలో పొయ్యకు, చెట్టు మొదట్లో పొయ్యకు. బిగించే మూత ఉన్న పాత క్యాన్‌లో పోసి, మీద విషం అని రాసి, వాడేసిన ఆయిల్ తీసుకునే షెడ్డు వాళ్లను అడుగు. కొంతమంది కూలెంట్ కూడా విడిగా తీసుకుంటారు, ఆయిల్‌లో మాత్రం కలపొద్దు.

నల్లమల_రూటు:
పెట్టేశా. మా వీధి కుక్క అప్పటికే దాని చుట్టూ తిరుగుతోంది.